పిడి దగ్గర మొదలుపెట్టిన కత్తి

నా కుడిచేతి చూపుడువేలికి లోపలివైపు, రెండో కణుపు మీద అడ్డంగా ఒక మచ్చ ఉంది. ఆరు కుట్లు పడ్డ మచ్చ. అప్పుడు నేను ఆర్మీలో, ఉత్తర సిక్కింలో ఉన్నాను. జూలై నెల, వారం రోజులుగా ఒకటే వాన. కొండచరియ విరిగి రోడ్డు సగం పోయిన చోట మా లారీ పక్కకి ఒరిగింది. సామాను కట్టిన తాళ్లు బిగుసుకుపోయాయి. ఒక కుర్రాడి కాలు బస్తాల కింద ఇరుక్కుంది. బెల్టుకున్న కత్తి తీసి తాళ్లు కొయ్యడం మొదలుపెట్టాను. మూడో తాడు దగ్గర కత్తిని బలంగా ముందుకు నెట్టబోతే, తడి చెయ్యి పిడి మీంచి జారి అలుగు మీదికి, అంటే కత్తి పదునైన భాగం మీదికి, వెళ్లిపోయింది. మిగతా తాళ్లు వేరేవాళ్లు కోశారు. కుర్రాడు బయటపడ్డాడు, కాలు దక్కింది.

ఆ కత్తి నేను సెలవుకి వచ్చి వెళ్తూ దారిలో ఒక బజార్లో కొన్నది. నల్ల పెయింటు, వీపు మీద రంపపు పళ్లు, డొల్ల పిడి, ఆ డొల్లలో దిక్సూచి, అగ్గిపుల్లలు. పెట్టె మీద 'టాక్టికల్ నైఫ్' అని పెద్ద అక్షరాలతో ఉండేది. పిడి మాత్రం నున్నటి గుండ్రటి గొట్టం. వేలు ముందుకి పోకుండా ఆపే అడ్డు గోరంత కూడా లేదు.

కుట్లు మానేదాకా నాకు వేరే పని లేదు. పక్క మంచం వాళ్లకి కాగితం ఇచ్చి మంచి కత్తి బొమ్మ గీయమనేవాణ్ని. అందరూ మొన దగ్గర మొదలుపెట్టారు. అలుగు వంపు, వీపు, రంపం అన్నీ శ్రద్ధగా గీసి, చివర్లో పిడికి రెండు గీతలు పెట్టి ఇచ్చేసేవారు. నేను గీసినా అంతే. వేలు తెగింది మాత్రం ఆ రెండు గీతల దగ్గరే. ఎప్పటికైనా నా కత్తి నేను చేయించుకుంటే పిడితో మొదలుపెట్టాలని అప్పుడే అనుకున్నాను.

పదిహేడేళ్ల సర్వీసు అయ్యాక ఉద్దానంలోని మా ఊరికి వచ్చేశాను. కత్తి సంగతి మనసులో ఉంది కానీ కదల్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు తోటలే నేలమట్టం. రోజుల తరబడి కరెంటు లేదు. చెట్లు తొలగించడానికి గొడ్డళ్లు, రంపాలు ఉన్నాయి. వాటి మధ్యలో వచ్చే చిన్న పనులకే చేతిలో సరైనది లేదు. నైలాన్ తాడు కొయ్యాలి, టార్పాలిన్ చింపాలి, దూడ మెడకి చుట్టుకున్న వల కొయ్యాలి, డబ్బా మూత తెరవాలి, కొబ్బరి మట్ట చీల్చి పందిరికి కట్టాలి. వంటింటి కత్తి వంగింది. కొడవలి మొన లేక కొన్నిటికి పనికిరాలేదు. ఆ పది రోజులూ రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని ఆ రోజు ఏమేం కోశానో నోటు పుస్తకంలో రాసుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చినవి తాళ్లు. తర్వాత టార్పాలిన్లు, సంచులు. ఆ తర్వాత చీల్చే పని. దేన్నీ నరకాల్సి రాలేదు, నరకడానికి వేరే కత్తి ఉంది.

ఆ నోటు పుస్తకమే నా డిజైన్‌కి పునాది. కత్తి ఎలా కనబడాలన్న ప్రశ్న పక్కకి పోయి, దానితో ఏ పని చెయ్యాలన్న ప్రశ్న మిగిలింది.

పేరున్న సైనిక కత్తులు ఎందుకలా ఉన్నాయో కూడా చదివాను. బ్రిటిష్ కమాండోల ఫెయిర్‌బెర్న్-సైక్స్ కత్తి 1941లో వచ్చింది. షాంఘై పోలీసు శాఖలో పనిచేసిన ఇద్దరు దాన్ని రూపొందించారు. రెండు వైపులా పదును, సూదిలాంటి మొన, ఒకే ఒక్క పనికి పుట్టిన కత్తి. దాంతో మట్ట చీల్చబోతే మొన విరుగుతుంది. 1942లో అమెరికన్ మెరైన్లకి వచ్చిన కా-బార్‌కి 7 అంగుళాల అలుగు, ఒకవైపే పదును. అది యుద్ధంలో ఎంత పనిచేసిందో, డబ్బాలు తెరవడానికీ గోతులు తవ్వడానికీ అంతే పనిచేసింది. అమెరికన్ పైలట్ల కత్తి వీపు మీద రంపపు పళ్లు ఎందుకున్నాయో తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. వాళ్లు కూలిన విమానం అల్యూమినియం రేకుని కోసుకుని బయటికి రావాలి, ఆ పళ్లు అందుకు. నాకు ఆ పని లేదు. పైగా కట్టె చీల్చేటప్పుడు వీపు మీద దుడ్డుకర్రతో కొట్టాలి, అక్కడ పళ్లుంటే కర్ర నుజ్జవుతుంది. కాబట్టి రంపం తీసేశాను. గూర్ఖా సోదరుల కుక్రీ అంటే నాకు అపార గౌరవం. ముందుకి వంగిన ఆ బరువు వల్లే చిన్న దెబ్బ కూడా లోతుగా దిగుతుంది. కానీ నా పుస్తకంలో నరికే పని లేదు కదా.

కుమ్మరి దగ్గర రెండు ముద్దల మట్టి తెచ్చుకున్నాను. బాగా పిసికి, వేలి మందాన ఉన్న చెక్కకి దిట్టంగా పట్టించి, గట్టిగా పట్టుకుని వదిలాను. నాలుగు వేళ్ల గుంటలు అచ్చు పడ్డాయి. ఎంతో బాగుందనిపించింది, అలాగే చెక్కించుకుందామనుకున్నాను. మర్నాడు అదే పిడిని తిప్పి, పదును నా వైపు వచ్చేలా పట్టుకుంటే గుంటలన్నీ తప్పాయి. వేళ్ల మధ్య గట్లు ఒరుసుకుపోయాయి. మా ఆవిడ పట్టుకుంటే ఆమె వేళ్లు గుంటల్లో కాకుండా గట్ల మీద పడ్డాయి. చలికి గ్లోవ్స్ వేసుకుంటే నాకే సరిపోలేదు. వేళ్ల గుంటలున్న పిడి ఒక్క చేతికి, ఒక్క పట్టుకి మాత్రమే నప్పుతుంది. గుంటలన్నీ పూడ్చేశాను.

చివరికి మిగిలింది కోడిగుడ్డు ఆకారం. పిడిని అడ్డంగా కోసి చూస్తే వీపు వైపు కాస్త వెడల్పు, పదును వైపు కాస్త సన్నం. చీకట్లో తీసినా పదును ఎటుందో అరచేతికే తెలిసిపోవాలి, గుండ్రటి పిడి ఆ మాట చెప్పదు. మా అబ్బాయికి, మా ఆవిడకి, మా తోటలో చెట్లెక్కే తమ్ముడికి కళ్లకి గుడ్డ కట్టి, మట్టి పిడి చేతికిచ్చి, "పదును ఎటుందో చెప్పండి" అని అడిగాను. ముగ్గురూ తడుముకోకుండా చెప్పారు. తర్వాత పిడి మధ్యలో కొద్దిగా ఉబ్బు, చివర్లో కొడవలి పిడికి ఉన్నట్టు కిందికి చిన్న ముక్కు పెట్టాను. లాగేటప్పుడు చిటికెన వేలు దానికి ఆనుతుంది. ముందు వైపు, చూపుడువేలు ముందర, 8 మిల్లీమీటర్లు కిందికి దిగే అడ్డు. దాన్ని విడిగా అతికించకుండా అలుగు ఇనుములోనే కలిసి ఉండేలా గీశాను. పైవైపు అడ్డు పెట్టలేదు, అది ఉంటే బొటనవేలు వీపు మీద ఆనించడం కుదరదు. పిడి పొడవు 120 మిల్లీమీటర్లు వచ్చింది. గ్లోవ్స్ వేసుకున్న చేతికి కూడా చాలు.

పిడి ఖాయమయ్యాక అలుగు గీయడం ఒక పూట పని. పొడవు 115 మిల్లీమీటర్లు, అంటే నాలుగున్నర అంగుళాలు. వెడల్పు 28, వీపు మందం 4. మొన వీపు గీతకన్నా కొంచెం కిందికి వచ్చి, పిడి నడిమి గీతకి సూటిగా ఉంటుంది. అలా ఉంటే గుచ్చినప్పుడు చెయ్యి ఎటు చూస్తే మొన అటే పోతుంది. పిడిలోకి వెళ్లే తోక సన్నంగా కాకుండా పిడి పొడవునా, వెడల్పునా అదే ఇనుము. సన్నటి తోక విరిగిన కత్తులు సర్వీసులో రెండు చూశాను. ముందు అట్టముక్క, తర్వాత ప్లైవుడ్ కోసుకుని రెండు వారాలు తోటలో చేతబట్టుకు తిరిగాను.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఇల్లు, వ్యవసాయం లాంటి పనులకి చేసినవి కాకుండా, 9 అంగుళాలకి మించి పొడవు గానీ 2 అంగుళాలకి మించి వెడల్పు గానీ అలుగున్న కత్తులకి 1959 ఆయుధాల చట్టం కింద నిబంధనలు వర్తిస్తాయి. నాది దానికి చాలా దూరంలో ఉంది. అయినా నడుముకి కట్టుకుని సంతలో, బస్సులో తిరగను. పనిముట్ల సంచిలోనే ఉంటుంది. ఈ మాట ముఖ్యంగా కుర్రాళ్లకి చెబుతున్నాను.

ఉక్కు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మాది సముద్రం గాలి. రాత్రి బయట వదిలేసిన కొడవలికి తెల్లారేసరికి ఎర్రటి పొడ వచ్చేస్తుంది. స్టెయిన్‌లెస్ అయితే ఆ బాధ తగ్గుతుంది. కానీ కత్తికి పనికొచ్చే స్టెయిన్‌లెస్‌ని సుమారు వెయ్యి డిగ్రీలు దాటించి, ఆ వేడిలో లెక్క ప్రకారం నిలబెట్టాలి. బొగ్గుల కొలిమిలో అది జరిగే పని కాదు. నాకేమో ఈ కత్తి మా ఊళ్లోనే తయారవ్వాలి, పాడైతే మా ఊళ్లోనే బాగుపడాలి. అందుకని జీపు కమాను పట్టీ ఎంచుకున్నాను. ఏళ్ల తరబడి గోతుల్లో వంగి లేచిన ఉక్కు, దెబ్బకి ఓర్చుకుంటుంది. తుప్పు కాచుకునే బాధ్యత నాది.

మా పక్క ఊరి ఆచారి గారికి డెబ్బై దాటాయి. నా ప్లైవుడ్ కత్తి తిప్పి తిప్పి చూసి, "ఏటి బాబూ ఇది, కొడవలా, కత్తా?" అన్నారు. ఏయే పనులకో చెబితే శ్రద్ధగా విన్నారు. 6 మిల్లీమీటర్ల పట్టీని ఎర్రగా కాల్చి, వంపు తీసి, దాగలి మీద సాగగొట్టి 4కి దించారు. సమ్మెట నేనే వేశాను. ఆకారం వచ్చాక మళ్లీ ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, రాత్రంతా చల్లారనిచ్చాం. అప్పుడు గానీ ఉక్కు మెత్తబడి ఆకురాయికి లొంగదు. తర్వాత నాలుగు రోజులు ఇంటి అరుగు మీద కూర్చుని రెండు వైపులా ఏటవాలుగా రాశాను. పదును అంచుని అప్పుడే సన్నం చెయ్యకూడదు. ఒక మిల్లీమీటరు మందం ఉంచాలి, లేకపోతే కాల్చినప్పుడు అంచు మెలితిరుగుతుంది.

మొదటి కత్తి నీళ్లలో పోయింది. ఆచారి గారు కొడవళ్లకి ఎప్పుడూ నీళ్లతోనే పాయనం పెడతారు, అంటే ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరుస్తారు. ఇదీ అలాగే పెట్టాం. ఎర్రటి అలుగు తొట్టెలో దిగగానే, బుసబుస మధ్యలో 'టిక్' మని చిన్న చప్పుడు వినిపించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పైకి ఏమీ కనబడలేదు. ఆయన కిరసనాయిలు పూసి, గుడ్డతో బాగా తుడిచి, పైన సుద్ద రాశారు. కాసేపటికి వేలి అడ్డు మూల దగ్గర సుద్ద మీద వెంట్రుకంత తడి గీత తేలింది. నేను ఆ మూలని పలకలాగా నిక్కచ్చిగా, లంబకోణంలో కోశాను. బిగువంతా అక్కడే చేరింది. "మూల గుండ్రంగా ఉంటే బతికును బాబూ. దీనికి నీళ్లు కాదు, నూనె పెట్టాల" అన్నారు. తప్పు ఆయనది కాదు. కమాను ఉక్కుకి నూనె కావాలని నేను చదివి కూడా, పెద్దాయన అలవాటుకి అడ్డు చెప్పలేక ఊరుకున్నాను.

రెండో అలుగుకి ఆ మూలని గుండ్రంగా తిప్పాను. మూడు లీటర్ల వేరుశెనగ నూనెని చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, లోతైన ఇనప డబ్బాలో పోశాం. మూత పక్కనే పెట్టుకున్నాం, మంట లేస్తే వెంటనే కప్పడానికి. వేడి ఎంతవరకు అన్నదానికి అయస్కాంతం ఉంది. ఉక్కు కాలుతూ కాలుతూ ఒక దశలో అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటాక ఇంకొంచెం రంగు తేలనిచ్చి, మొన ముందుగా నిలువుగా దించాలి. పక్కలకి కదిపితే అలుగు వంగుతుంది. ఈసారి చప్పుడు రాలేదు. చల్లారాక ఆకురాయి వేస్తే గాజు మీద జారినట్టు జారిపోయింది. గట్టిపడిందన్నమాట. అయితే ఆ గట్టితనంతోనే వదిలేస్తే కింద పడినా పుటుక్కుమంటుంది.

ఆ తర్వాత ఆచారి గారు చేసింది నేను ఎన్నిసార్లయినా చూస్తాను. నల్లటి పొక్కు అంతా పోయి తళతళలాడేదాకా ఉప్పుకాగితంతో రుద్దమన్నారు. మందపాటి ఇనప కడ్డీని ఎర్రగా కాల్చి, దాని మీద అలుగు వీపుని ఆనించి పట్టకారుతో పట్టుకున్నారు, పదును పైకి. కొలిమి పక్కన నీడ చేయించారు, ఎండలో రంగులు తెలియవు. ముందు వీపు మీద లేత పసుపు వచ్చింది. అది నెమ్మదిగా పైకి పాకుతుంటే దాని వెనక గోధుమ రంగు, దాని వెనక వంకాయ రంగు, అన్నిటికన్నా కింద నెమలి మెడ నీలం. ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ వస్తున్నాయి. ఆయన మాట్లాడలేదు, రెప్ప వెయ్యలేదు. ఎండుగడ్డి రంగు అంచుని తాకిందో లేదో నీళ్లలో ముంచేశారు. అంచు గట్టిగా మిగిలింది. నీలం తిరిగిన వీపు మెత్తబడి దెబ్బకి ఓర్చుకునేలా తయారైంది. మళ్లీ రుద్ది, మళ్లీ ఒకసారి అదే చేశారు. డిగ్రీల్లో చెప్పాలంటే అంచు దగ్గర 200 నుంచి 230 మధ్య, వీపు 300 దగ్గర. ఆయన థర్మామీటరు ఎప్పుడూ వాడలేదు. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారని చదివాను. ఆ రోజు ఆయన కళ్లు చూస్తుంటే ఆ విద్య ఎలాంటి చేతుల్లో పెరిగిందో అర్థమైంది.

పిడికి ముందు పనస చెక్క పెట్టాను. మా దగ్గర దొరికేది, రంగు బాగుంటుంది. కానీ వర్షాకాలం రెండు నెలల్లో ఉబ్బి, రివెట్ల దగ్గర విచ్చుకుంది. అది తీసేసి మా అబ్బాయి పాత జీన్స్ ప్యాంట్లు ముక్కలు చేశాను. ఒక్కో పొరకి ఇపాక్సీ జిగురు పూసి, పదిహేను పొరలు పేర్చి, రెండు పలకల మధ్య క్లాంపులు బిగించి ఒక రోజంతా ఉంచాను. చెక్కలాగే కోయొచ్చు, రంధ్రాలు వెయ్యొచ్చు. నీళ్లకి ఉబ్బదు. పాలిష్ పెట్టకుండా కాస్త గరుగ్గా వదిలేస్తే తడిచేతికి ఇంకా బాగా అంటుతుంది. దాన్ని రుద్దేటప్పుడు మాస్కు తప్పకుండా కట్టుకోవాలి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. పూర్తయిన కత్తి పచారీ కొట్టు తక్కెడలో 210 గ్రాములు తూగింది. చూపుడువేలి మీద పెడితే అటూ ఇటూ ఒరగకుండా నిలబడుతుంది.

పరీక్షలకి నోటు పుస్తకం మళ్లీ తీశాను, అందులో ఉన్న పనులే ఒక్కొక్కటిగా చేశాను. బొటనవేలంత కొబ్బరి తాడు, నైలాన్ తాడు, తడి గోనె, వెదురు చీల్చడం, డబ్బా మూత. మొదట్లో పదును ఒక్కో వైపు 15 డిగ్రీలకి పెట్టాను. తాళ్లు వెన్నలా తెగాయి గానీ, డబ్బా దగ్గర అంచు మడతపడింది. 20కి మార్చాక ఆ ఇబ్బంది పోయింది. కొలవడానికి పరికరం అక్కర్లేదు. 28 మిల్లీమీటర్ల వెడల్పున్న అలుగుకి వీపుని సానరాయి మీద సుమారు ఒక సెంటీమీటరు ఎత్తి పట్టుకుంటే 20 డిగ్రీలు వస్తుంది. చివరగా చెయ్యి సబ్బునీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని, కత్తి మొనని అరటి బోదెలో బలంగా గుచ్చి లాగాను. మచ్చ ఉన్న నా వేలు అడ్డుకి ఆని ఆగిపోయింది. నాలుగు సార్లు చేశాను. నాలుగు సార్లూ ఆగింది. ఆ క్షణం నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తోలు ఒర ఉప్పుగాలికి తడి పట్టి, లోపల అలుగుని తినేస్తోంది. దాని బదులు పీవీసీ పైపు ముక్కని, వేరుశెనగలు వేయించే పెనంలో వేడి ఇసుకలో మెత్తబరిచి, అలుగు చుట్టూ రెండు చెక్కల మధ్య అదిమి ఒర చేశాను. ఆరుబయటే చెయ్యాలి, పైపు పొగ పీల్చకూడదు. అడుగున నీళ్లు కారడానికి రంధ్రం ఉంది. కత్తి దిగితే 'టక్' మంటుంది, తలకిందులుగా పట్టినా జారదు. అలుగంతా చిక్కటి చింతపండు రసం పూసి గంటసేపు ఉంచితే బూడిద రంగు తిరిగింది. ఆ పొర ఉంటే ఎర్ర తుప్పు కాస్త ఆలస్యంగా పడుతుంది, ఎండకి మెరవదు కూడా. పైన వారానికోసారి కొబ్బరినూనె.

ఇది జరిగి మూడు తుఫాను కాలాలు దాటాయి. ఆ కత్తి ఎక్కువగా వాడేది మా ఆవిడే. తోటలో తాళ్లకి, బస్తాలకి ఆమె చేతిలోనే ఉంటుంది. మొన్న, "చివర ముక్కు నా చిటికెన వేలికి అందట్లేదండీ, కాస్త ముందుకుంటే బాగుండును" అంది. మట్టి మళ్లీ తెచ్చాను. ఈసారి ఆమె చేతి అచ్చు తీసుకున్నాం, 112 మిల్లీమీటర్లు వచ్చింది. ఆచారి గారి దగ్గర జీపు పట్టీ ముక్క ఇంకొకటి మిగిలి ఉంది. సంక్రాంతి కొడవళ్ల రద్దీ తగ్గాక రమ్మన్నారు.